ఊరంతా కట్టుకున్న కిటికీలు

గురువారం పొద్దున్నే విలిసి వేసిన పథకం చాలా చిన్నది. మొగుడు అసయేలి ఏడు గంటల బస్సెక్కి సవుసవు పట్నం బజారుకు వెళ్లాలి. ముందు గదికి కర్టెన్ల గుడ్డ కొనాలి. ఆ గుడ్డ లోపలి గది కర్టెన్లతో రంగు కలవాలి. మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. అసయేలి సంగతి తెలియనివాళ్లే అలా అడుగుతారు.

ఆదివారం చర్చి అయ్యాక కొత్త పాస్టరుగారు వాళ్లింట భోంచేయాలి. ముందు గదిలో భోజనం, తరవాత లోపలి గదిలో నడుం వాల్చడం. రెండు గదుల మధ్య తలుపు లేదు, ఉత్త గుమ్మమే ఉంది. అందువల్ల ఒక గదిలో కూర్చుంటే రెండో గది మొహం కనపడుతూనే ఉంటుంది. లోపలి గదికి లేత ఆకుపచ్చ పరదాలున్నాయి. ముందు గదికి ఉన్నవి ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు వాటి రంగేమిటో వాటికే గుర్తు లేదు.

"ఈ ముక్క పట్టుకెళ్లు" అని విలిసి లోపలి పరదా అంచులోంచి అరచేతంత గుడ్డ కత్తిరించి ఇచ్చింది. "దీని పక్కన పెట్టి చూసి కొను. నీ కళ్లతో కాదు, కొట్టావిడ కళ్లతో. ఇంకో మాట. కర్టెన్లకని ఎవరికీ చెప్పకు. మకెరేతా చెవిన పడిందంటే శనివారానికల్లా అవే వాళ్లింట్లో వేలాడతాయి."

మకెరేతా ఎవరో కాదు, అసయేలి అన్నగారు వైసాకే భార్య. వాళ్లిల్లు ముప్ఫై అడుగుల దూరంలోనే ఉంది. తుఫానులో పాత ఇళ్లు కొట్టుకుపోయాక అన్నదమ్ములిద్దరూ సిమెంటు మూటలు భుజాన మోసి ఒకరి ఇల్లు ఒకరు కట్టారు. నాలుగేళ్ల కిందట క్రిస్మస్ విందులో మకెరేతా ఈ ఎరుపూ ఆకుపచ్చా చూసి, "మీ ఇంట్లో ముందు గదికీ లోపలి గదికీ మాటల్లేవా?" అని నవ్వింది. "మా ఇంట్లో గదులే మాట్లాడుకోవు, మీ ఇంట్లో మనుషులే మాట్లాడుకోరు" అంది విలిసి. ఆడవాళ్ల మాటకు మగవాళ్లు వకీళ్లయ్యారు. వ్యవహారం పరదాల మీంచి సిమెంటు మూటల మీదికి పోయింది. వైసాకే లేచి, ఈ గుమ్మం తొక్కనని చెప్పి వెళ్లిపోయాడు. మాట మీద నిలబడే మనిషి. అదే వచ్చిన చిక్కు.

అప్పటినుంచీ సాయంత్రమైతే ఆ అరుగు మీద అన్న, ఈ అరుగు మీద తమ్ముడు, వేరు దంచి నీళ్లలో పిండిన యంగోనా ఎవరి గిన్నె వాళ్లు ముందు పెట్టుకుని ఒకే సముద్రాన్ని చూస్తూ తాగేవారు. అన్న పక్కన లేకుండా తాగుతుంటే యంగోనా ఉత్త బురదనీళ్లలా ఉండేది అసయేలికి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ ఇంటివైపున్న కిటికీకి మాత్రం నాలుగేళ్లుగా పరదా తీయలేదు.

అసయేలికి తోడుగా ఎమోసి బయల్దేరాడు. విలిసి తమ్ముడు. బావను ఆటపట్టించడమే అతని వృత్తి, చేపలు పట్టడం తీరిక వేళల పని. దారిలో బస్సు మారేచోట ఎమోసి నాలుగు రొట్టెలు కొన్నాడు, బంగాళాదుంప కూర చుట్టినవి. ఆ పొట్లం అసయేలి సంచిలో పడేశాడు. గుడ్డముక్క ఉన్నదీ ఆ సంచిలోనే. గంటన్నర గతుకుల రోడ్డు. పొట్లంలోని పులుసు తనకు వేరే పనేమీ లేనట్టు బొట్టుబొట్టుగా దిగి గుడ్డముక్కకు అణువణువునా పట్టింది.

కాంతాబెన్ కొట్లో బల్లమీద సంచి గుమ్మరించినప్పుడు బయటపడింది మంచి పసుపుపచ్చని గుడ్డముక్క. కాస్త ఆవపిండి ఛాయ కూడా ఉంది.

అసయేలి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. నాలుగేళ్లుగా రోజూ ఆ పరదా వెనకే పడుకుంటున్నాడు గాని, దాని రంగేమిటని ప్రమాణం చేయమంటే చేయలేడు. "ఆకుపచ్చ అనుకున్నానే" అన్నాడు నసుగుతూ.

"ఆడవాళ్లు రంగులకు పెట్టే పేర్లు మనకేం తెలుస్తాయి బావా?" అన్నాడు ఎమోసి. "అక్క దీన్నే ఆకుపచ్చ అంటుందేమో. ఎండుటాకు మాత్రం ఆకు కాదా?"

"తడిగా ఉందేంటి?"

"నీ చెమట."

కాంతాబెన్ ఆ ముక్కను గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో పట్టి చూసింది. బంగారం పరీక్షించే కంసాలికి కూడా అంత శ్రద్ధ ఉండదు. పదకొండు థాన్లు దింపి, పదకొండింటినీ పెదవి విరిచి పక్కన పెట్టింది. పన్నెండోది విప్పగానే ఆవిడ మొహం వెలిగింది. ఆవపసుపు నేల మీద గోధుమరంగు తాబేళ్లు, ఒక్కొక్కటీ పళ్లెమంత. గుడ్డముక్కను దానిమీద పెడితే ఇక కనపడలేదు. వెతికి తీయవలసి వచ్చింది. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో ఇంత చక్కగా కలిసిన రంగు చూడలేదని ఆవిడే చెప్పింది. ఆ మాట నిజమే. ఆమె కూరతో రంగు కలపడం అదే మొదటిసారి.

ఆరు కిటికీలు, వీధి గుమ్మం, మధ్య గుమ్మం, కుచ్చులు, ఝాలర్లు అన్నీ లెక్కేసి విలిసి నలభై గజాలు తెమ్మంది. అసయేలి థాను థానంతా భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ దీవి తీరంలో పెళ్లి గాని, చావు గాని, పుట్టినరోజు గాని, చుట్టాలంతా ఒకే అచ్చు గుడ్డ కట్టాలి. మగవాళ్లకు చొక్కాలు, ఆడవాళ్లకు గౌన్లు, చంటివాళ్లకు లాగులు, అన్నీ ఒకే థానులోంచి. ఆ గుడ్డ కట్టినవాళ్లే కుటుంబం. కట్టనివాళ్లు వచ్చిపోయే జనం. అలాంటి చోట ఒక మనిషి నలభై గజాల ఒకే అచ్చు గుడ్డ మోసుకుని బస్సెక్కాడంటే శుభలేఖలు పంచినట్టే. కిటికీల కోసం నలభై గజాలు ఎవరు కొంటారు?

ముందు సీట్లోంచి తోరికా అవ్వ చేయి చాపి గుడ్డ అంచు నలిపి చూసింది. "ఎవరి పెళ్లిరా అసయేలీ?"

"పెళ్లేం లేదవ్వా."

"నీ కూతుళ్లిద్దరికీ ఎప్పుడో అయిపోయాయిగా. మరి దేనికిది?"

"దేనికీ కాదు" అన్నాడు అసయేలి, భార్య మాట గుర్తు తెచ్చుకుని. దేనికీ కాకుండా నలభై గజాలు. ఊరుకుంటే పోయేదానికి ఎమోసి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆదివారం చూస్తారుగా" అన్నాడు.

వంతెన దాటేసరికి అది అసయేలికి రాబోయే ఊరిపెద్ద పదవయింది. బడి మిట్ట ఎక్కేసరికి పెద్దకూతురికి కవలపిల్లలయ్యారు. కొబ్బరి కొట్టాం దగ్గర దిగేటప్పటికి తోరికా అవ్వ తీర్పు చెప్పేసింది. ఏదో పెద్దదే, అందుకే దాస్తున్నాడు. పాస్టరుగారినీ పిలిచాడు. కుటుంబానికి గుడ్డ పంచే తీరిక లేక ఎవరిది వాళ్లే కొనుక్కోవాలని బస్సులో అందరికీ కనపడేట్టు మోసుకొచ్చాడు. ఎంత తెలివి.

శుక్రవారం పొద్దుటి బస్సులో అసయేలి వాళ్ల నాంబుకా ఊరినుంచి ఇరవైముగ్గురు ఆడవాళ్లు బజారుకు వెళ్లారు. కాంతాబెన్ వాళ్లను చూడగానే, "మీ వాళ్ల గుడ్డ ఇదే" అని గోదాములోంచి తక్కిన థాన్లు దింపింది. ఎవరికీ నోరు తెరిచి అడిగే పని కూడా పడలేదు.

ఆ సమయానికి విలిసి తనింట్లో థాను విప్పి నేలమీద పరిచి, దానికేసి చూస్తూ కూర్చుంది. అరిచి ఉంటే అసయేలికి కొంత ధైర్యంగా ఉండేది. ఆమె అరవలేదు. గుడ్డముక్క తెమ్మంది. తెచ్చి ఇచ్చాడు. లోపలి పరదా పక్కన పెట్టి చూసింది. తరవాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది రంగు కాదు" అంది. "కూర."

అసయేలి తనూ వాసన చూశాడు. జీలకర్ర తగిలింది.

మళ్లీ బజారుకు వెళ్లి రావడానికి రోజుంది గాని, తరవాత ఇవన్నీ కుట్టడానికి ఒక్క రోజు చాలదు. విలిసి పళ్లు బిగబట్టి మిషను ముందు కూర్చుంది. శనివారం మధ్యాహ్నానికి ఒక్కొక్కటే తగిలించి చూడటం మొదలుపెట్టింది. పైన కర్ర దూర్చడానికి గొట్టంలా మడత, కింద జానెడు ఝాలరు. కుట్టు మాత్రం వంక పెట్టలేనిది. మధ్య గుమ్మంలో నిలబడి అటు చూస్తే లేతాకుపచ్చ, ఇటు చూస్తే ఆవపసుపు తాబేళ్లు.

"ముందు గదికి కామెర్లొచ్చినట్టుంది" అంది విలిసి. "మకెరేతా చూసిందంటే నేనిక చర్చికి వెనక గుమ్మంలోంచి వెళ్లాలి."

అంతలో ఎమోసి వచ్చాడు. అతన్ని చూసి అసయేలికి పరదా ఒకటి ఊడి నడిచి వస్తోందనిపించింది. ఒంటిమీద కొత్త చొక్కా. ఆవపసుపు. గోధుమరంగు తాబేళ్లు.

ఎమోసి చాప మీద కూర్చుని ఊరి సంగతి చెప్పాడు. నిన్నటినుంచి ఏ ఇంట్లో చూసినా మిషన్లు ఆగడం లేదట. డెబ్బై మంది దాకా ఈ గుడ్డే కుట్టించుకున్నారట. విలిసీ అసయేలీ ఆ చప్పుడు విని చర్చి పాటల బృందానికేమో అనుకున్నారు.

"కర్టెన్లని నీకు తెలుసుగా" అన్నాడు అసయేలి. "నువ్వెందుకు కుట్టించుకున్నావు?"

"తెలుసు. అయితే మాత్రం? ఊరంతా కట్టుకొస్తే సొంత బావమరిదిని, నేనొక్కణ్ణీ మామూలు చొక్కా వేసుకొస్తే నీకేం మర్యాద?"

"వెళ్లి చెప్పెయ్యి. శుభకార్యం లేదు, ఏమీ లేదని."

"రెండు పందుల్ని కోసేశారు బావా. వాటికెవరు చెప్తారు?"

విలిసి మిషను మీంచి తలెత్తింది. కర్టెన్లని తెలిస్తే ఊరంతా మన కిటికీలు కట్టుకు తిరిగారని తేలుతుంది, జన్మలో ఎవరూ క్షమించరు, నోరు మూసుకుని ఇంకో బుట్టెడు చేమదుంపలు ఉడకేయడమే మార్గమంది. ఎమోసి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. అతని మొహంలో ఆట లేదు.

"మీ అన్నయ్య నిన్న మా ఇంటి ముందునుంచి వెళ్తూ ఒకటే మాట అడిగాడు. 'నాకు గుడ్డ రాలేదా?' అని. నేనేం చెప్పలేదు. మీ వదిన కొని తెస్తానంటే వద్దన్నాడట. తమ్ముడు పంపితే కడతాను, కొనుక్కుని కట్టడానికి నేను పరాయివాణ్ణా అన్నాడట."

అసయేలి అన్నగారింటి వైపు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ అది అలక. రేపు ఊరంతా తన ఇంట్లో ఒకే గుడ్డ కట్టి కూర్చుంటే, పెద్దవాడు ఒక్కడూ ముప్ఫై అడుగుల దూరంలో మామూలు చొక్కాతో కూర్చుంటే, అది ఇక అలక కాదు. వెలి. పిల్లల పిల్లలదాకా చెప్పుకుంటారు. లేని శుభకార్యానికి అన్నను పిలవలేదని.

విలిసి పొయ్యి దగ్గరికి వెళ్లడం చూసి, మిషను పక్కనున్న గుడ్డల్లోంచి మడతపెట్టి ఉన్నదొకటి తీసుకున్నాడు. మిగిలిన గుడ్డ మూడు గజాలుంటుంది, చొక్కాకి చాలుతుందనుకున్నాడు. చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఆ ముప్ఫై అడుగులు నడవడానికి పట్టిన సేపట్లో మనిషి సవుసవు వెళ్లి రావచ్చు.

పొద్దు వాలుతోంది. వైసాకే అరుగు మీద అటు తిరిగి కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ వీపు అసయేలికి బాగా తెలుసు. తన ఇంటి గోడల బరువులో సగం దాని మీద వచ్చిందే. అన్నయ్యా, రేపు భోజనానికి రా. ఇంతే మాట. దారిపొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. నోరు తెరిస్తే దగ్గొచ్చింది. గుడ్డ అరుగు మీద పెట్టి, ఇంకోసారి దగ్గి, వెనక్కి తిరిగి వచ్చేశాడు. వైసాకే తల తిప్పలేదు. అతని చేతిలో వల మాత్రం ఆగింది.

ఆదివారం పొద్దున్న మిగతా పరదాలన్నీ తగిలిస్తూ విలిసి లెక్క పెట్టింది. ఒకటి తక్కువ. మిషను కింద, మంచం కింద, కోళ్లగూటి దాకా వెతికింది. దొరకలేదు. అన్నగారింటి వైపు కిటికీ బోసిగా ఉండిపోయింది. మిషను పక్కన మాత్రం మూడు గజాల గుడ్డ మిగిలి ఉంది, కుట్టూ ఝాలరూ ఏమీ లేకుండా. అసయేలి దాన్ని చూశాడు. కిటికీని చూశాడు. తను అన్నకు ఏం ఇచ్చి వచ్చాడో తెలిశాక, చర్చిలో ప్రార్థన సేపంతా నిజంగానే ప్రార్థించాడు.

చర్చి వదిలాక జనం వచ్చారు. కానుకగా చాపలు, నూనె సీసాలు, ఆకుల్లో చుట్టి మట్టిపొయ్యిలో కాల్చిన పందులు, కొబ్బరిపాలలో ఉడికిన చేపలు మోసుకుని డెబ్బైమంది తాబేళ్ల గుడ్డలో వచ్చి ముందు గదిలో సర్దుకున్నారు. సర్దుకున్నవాళ్లు సర్దుకున్నట్టే మాయమయ్యారు. పరదాల ముందు కూర్చున్నవాళ్లు పరదాల్లో కలిసిపోయి తలకాయలు మాత్రం మిగిలాయి. గాలికి గుడ్డ ఊగితే మనుషులు ఊగినట్టు, మనుషులు నవ్వితే గోడ కదిలినట్టు ఉంది. విలిసి ఒక కిటికీకి మర్యాదగా టీ కప్పు అందించింది. పాస్టరుగారికి చూపు కాస్త తక్కువ. ఆయన మంచి చోటు చూసుకుని ఎమోసి ఒళ్లో కూర్చోబోయారు.

ముందు గది చాలక జనం లోపలి గదిలోకీ పొంగారు. ఆకుపచ్చ పరదాల ముందు బారులు తీరి కూర్చున్నారు. చేమదుంపల పళ్లెం పట్టుకుని మధ్య గుమ్మంలోకి వచ్చిన విలిసి ఆగిపోయింది. అటు చూస్తే ఆవపసుపు, ఇటు చూస్తే ఆవపసుపు. ఆ ఇల్లు కట్టాక మొదటిసారి రెండు గదులూ కలిశాయి.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ప్రార్థనలో చెప్పాలి కాబట్టి అడుగుతున్నాను, ఇవాళ మీ ఇంట శుభకార్యం ఏమిటన్నారు. డెబ్బై తలకాయలూ అసయేలి వైపు తిరిగాయి. అదే తెలుసుకుందామని వాళ్లూ వచ్చారు.

అసయేలి లేచి నిలబడ్డాడు. నిజం చెప్పేద్దామనే లేచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, రొట్టెల దగ్గరా, గుడ్డముక్క దగ్గరా అని ఆలోచిస్తూ తల తిప్పితే, నాలుగేళ్లుగా మూసి ఉన్న కిటికీ ఇవాళ బోసిగా ఉంది కదా, అందులోంచి అన్న కనపడ్డాడు. వస్తున్నాడు.

వైసాకే నడుముకు కిటికీ పరదా చుట్టుకుని వస్తున్నాడు. కర్ర దూర్చే గొట్టంలోంచి వల తాడు దూర్చి బొందులా బిగించాడు. కింద జానెడు ఝాలరు పిక్కల మీద ఆడుతోంది. వెనకే మకెరేతా, మొగుడు వద్దన్నా తనకోసం చాటుగా కొనుక్కున్న అదే గుడ్డతో గౌను, చంకలో కొత్త చాప.

వైసాకే గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగాడు. తొక్కాడు. లోపలికి వచ్చి తమ్ముడి ముందు కూర్చుని రెండు చేతులతో తిమింగలం దంతం పెట్టాడు. అది మాటకంటే బరువైనది. దాన్ని పెట్టినచోట పాత తగువు నిలవదు.

"ఇక్కడ ఏం శుభకార్యమో నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. "నేనూ అడగలేదు. తమ్ముడు గుడ్డ పంపాడు. కట్టుకుని వచ్చాను. నాలుగేళ్లుగా ముప్ఫై అడుగులు నడవలేకపోయాను. ఇది అందుకు."

అసయేలి దంతం అందుకున్నాడు. చెప్పవలసిన మాటలు ఆచారం ప్రకారం చాలా ఉన్నాయి. అతనికి మళ్లీ దగ్గొచ్చింది. "అన్నయ్యా, భోజనానికి..." అన్నాడు, శనివారం మిగిలిపోయిన మాట.

"వచ్చాను కదరా" అన్నాడు వైసాకే.

రెండు గదుల్లోని జనమూ అరచేతులు దొప్పల్లా చేసి లయగా చప్పట్లు కొట్టారు. శుభకార్యం ఏమిటో పాస్టరుగారికి అర్థమయింది, ప్రార్థన బాగా కుదిరింది. "నేను బస్సులోనే చెప్పాను" అంది తోరికా అవ్వ.

విలిసి మధ్య గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మకెరేతా వచ్చి పళ్లెం రెండో అంచు పట్టుకుని, వైసాకే నడుం కేసి చూస్తూ మెల్లగా, "ఝాలరు బాగా కుట్టావు" అంది.

విలిసి మొహం పాలిపోయింది. "ఎవరికైనా చెప్పావా అక్కా?"

"ఏమని చెప్పను? మా ఆయన కిటికీ కట్టుకుని ఊరేగాడనా?"

ఇద్దరూ నవ్వు ఆపుకోలేక పళ్లెం కింద పెట్టేశారు. నవ్వు తగ్గాక మకెరేతా ముందు గది చూసింది, లోపలి గది చూసింది. "పోనీలే, వీటికిప్పుడు మాటలు కలిశాయి" అంది.

సాయంత్రం జనం వెళ్లిపోయాక లోపలి గది మళ్లీ ఆకుపచ్చయింది. అరుగు మీద మాత్రం ఒకటే యంగోనా గిన్నె. వైసాకే ఆ పరదా తిరిగి ఇవ్వలేదు, బొందుతో అంత సుఖమైన సులు లుంగీ తన జన్మలో కట్టలేదన్నాడు. గాలి బాగా వస్తోందని విలిసి కూడా అడగలేదు. ఆ కిటికీ బోసిగానే ఉంది.

మరుసటి గురువారం లోపలి గదికి ముందు గదితో కలిసే గుడ్డ తెమ్మని విలిసి అసయేలిని మళ్లీ ఏడు గంటల బస్సెక్కించింది. నమూనాకు ఈసారి గుడ్డముక్క ఇవ్వలేదు, చెంచాడు బంగాళాదుంప కూర సీసాలో పోసి ఇచ్చింది.